డైరెక్టర్ గారి బుగ్గ

కొత్త జిప్పు పళ్ళకు కొవ్వొత్తి ముక్క రుద్దుతుండగా ఫోన్ మోగింది. రౌషాన్ ఎత్తలేదు. ఒళ్ళో ఉన్న చలికోటు ఒక గని కార్మికుడిది. సాయంత్రం షిఫ్టుకి వెళ్తూ తీసుకుంటానన్నాడు. అతనికి ఇంకో కోటు లేదు. బయట కరగండా ఊరి బజారు రేకుల మీద మంచు గడ్డకట్టి ఉంది.

శీతాకాలమంతా ఆమె పని జిప్పులే. పాత కుట్లు బ్లేడుతో విప్పాలి. దారపు పోగులు ఏరెయ్యాలి. కొత్త జిప్పును గుండుసూదులతో అమర్చి మిషను కింద పెట్టాలి. చివర్లో మైనం రుద్ది రెండుసార్లు పైకీ కిందకీ లాగి చూడాలి. ఎక్కడా పట్టకుండా జారితే పని అయినట్టు.

ఫోన్ మళ్ళీ మోగింది. కూతురు జెరె. ఎనిమిదేళ్ళ పిల్ల. బడి నుంచి వచ్చాక అనవసరంగా ఫోన్ చెయ్యదు.

"అమ్మా, డైరెక్టర్‌కి బుగ్గ వాచింది."

"తిండి దాచుకుని ఉంటాడమ్మా. వాడి పనే అది."

"ఒక్క బుగ్గే. రెండోది ఖాళీ. నిన్నటినుంచీ అలాగే ఉంది. ముట్టుకుంటే గట్టిగా ఉంది."

రౌషాన్ చేతిలో కొవ్వొత్తి ఆగింది. ముట్టుకుంటే గట్టిగా ఉంది. ఇదే మాట ఇంకో గొంతులో విన్నది. అప్పుడు భర్త మార్లెన్ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. మెడ పక్కన సబ్బు నురగ తుడిచి, వేలితో నొక్కి చూసుకుని, నవ్వుతూనే చెప్పాడు.

"సరే," అంది రౌషాన్. "ఈ వారం డబ్బులు చేతికి రానీ, చూద్దాం."

అటు జెరె ఫోన్ పెట్టెయ్యలేదు. పిల్ల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో రౌషాన్‌కి అప్పుడు అర్థమైంది. మెడ గురించి మార్లెన్ చెప్పిన రోజు కూడా ఆ ఇంట్లో ఇదే మాట అనుకున్నారు. జీతం రానీ, చూద్దాం. జెరె అప్పుడు బల్ల దగ్గర కూర్చుని బొమ్మకి రంగులు వేసుకుంటోంది.

"జెరె?"

"ఊఁ."

"నేను వచ్చేస్తున్నా."

పక్క కొట్టు వేరా పాక్‌ది. కొరియా క్యారట్ పచ్చళ్ళమ్మే ఆవిడ. రౌషాన్ కంటే పదిహేనేళ్ళు పెద్దది, బజారులో అందరి ఇళ్ళ సంగతులూ ఆవిడకి కావాలి.

"ఏమైంది? ముఖం అలా పాలిపోయిందేం?"

"ఇంట్లో హ్యామ్‌స్టర్‌కి బాగాలేదట, వేరా అక్కా."

"ఆ బొద్దెలుకకా? అయ్యో, నేనింకా మీ అత్తగారికేమో అనుకున్నా." క్యారట్ తురుము పిండుతూ నవ్వింది. "దానికింత ఆలోచన దేనికే? ఆ చివర పిట్టలమ్మేవాడి దగ్గర రెండువేల టెంగెలకి కొత్తది దొరుకుతుంది. అదే రంగు, అదే పొట్ట. పిల్ల బడికెళ్ళినప్పుడు మార్చెయ్. కనిపెట్టలేదు."

వేరా చెప్పిన దారి తేలికైనదే. అదే ఆమెను భయపెట్టింది.

"ఈ శుక్రవారం రొట్టె తెస్తావుగా?" అంది వేరా, వెనక నుంచి. "మీ అత్తగారి చెయ్యి మంచిది. నీ వాటా ఎప్పుడూ నాకే పెడతావు. నీకు పుణ్యం, నాకు పొట్ట."

"తెస్తాను," అంది రౌషాన్, గని కార్మికుడు వస్తే ఇమ్మని మడతపెట్టిన కోటు ఆవిడకి అందిస్తూ.

*

డైరెక్టర్‌కి ఆ పేరు పెట్టింది మార్లెన్. అతను బస్సులు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. బజారులో ఈ ప్రాణిని కొని టోపీలో పెట్టుకుని తెచ్చి, "అచ్చం మా డైరెక్టరే. పగలంతా నిద్ర, లేస్తే రెండు బుగ్గలా మేత," అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరూ సరదాకి దానికి గారు కూడా తగిలించేవారు.

ఇప్పుడు డైరెక్టర్ గారు రంపపు పొట్టులో ఒక మూలకి ఒదిగి కూర్చున్నారు. ఎడమ బుగ్గ కాయలా పొడుచుకొచ్చి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయింది. పొద్దుతిరుగుడు గింజలు గిన్నెలో అలాగే ఉన్నాయి. రౌషాన్ వేలు చాపింది. వేడిగా ఉంది. గట్టిగా ఉంది. అది వేలిని కొరకలేదు, తప్పించుకోనూ లేదు. అలా ఊరుకోవడం ఆమెకి నచ్చలేదు.

జెరె తల్లి ముఖం వైపే చూస్తోంది. ఏమీ అడగలేదు. తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు మాత్రం ఆ పిల్ల ఒకటే అడిగింది, మళ్ళీ మళ్ళీ. నాన్న లేస్తాడా అని. లేస్తాడు, మత్తు దిగగానే లేస్తాడు అని రౌషాన్ చెప్పింది. ఆ తర్వాత జెరె దేని గురించీ ప్రశ్న వెయ్యడం మానేసింది. రౌషాన్ భయం చిట్టెలుక చావడం గురించి కాదు. అది చచ్చిపోతే పిల్ల నోరు తెరిచి మళ్ళీ అదే అడుగుతుంది. అప్పుడు తను ఏదో ఒకటి చెప్పాలి.

పశువుల ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది.

"కుక్కకా, పిల్లికా?"

"హ్యామ్‌స్టర్."

"అయితే ఎలుకల డాక్టరమ్మ రావాలండీ. ఆవిడ శుక్రవారమే వస్తారు."

"ఎలుకలకి వేరే డాక్టరా?" అంది వెనక కుర్చీలోంచి అత్తగారు బల్కియా. చేతిలో అల్లిక, చెవులు ఇటే. "నాకు మోకాళ్ళ డాక్టరు దొరకడానికి రెండు నెలలు పట్టింది."

ఫోన్లో అమ్మాయి ధరలు చదివినట్టు చెప్పుకుపోయింది. చూసినందుకు ఇంత, ఎక్స్‌రే తీస్తే ఇంత. చీము గడ్డయితే ఒకటి, కంతి అయితే ఇంకొకటి. మత్తిచ్చి కోయాల్సి వస్తే మందులతో కలిపి నలభైవేల టెంగెల దాకా అవుతుంది. "చిన్న ప్రాణి కదండీ, మత్తులోంచి లేవకపోవచ్చు కూడా. ముందే చెప్తున్నాం."

"అర్థమైంది," అంది రౌషాన్. మాట బయటికి వినపడకుండా ఫోన్‌ని చెవికి నొక్కిపెట్టుకుంది.

బుధ, గురువారాలు ఆమె జిప్పుల్లోనే లెక్క వేసుకుంది. టీ పొడి తగ్గిస్తే కొంత. తన బూటు అడుగు ఊడింది, దాన్ని జిగురుతో ఇంకో నెల లాగితే కొంత. రెండు రోజులు చీకటి పడేదాకా కూర్చుని కోట్లు కుట్టింది. వేళ్ళు బిగుసుకుపోతే కరెంటు పొయ్యి మీద చాపి మళ్ళీ సూది పట్టింది. ఎంత కుట్టినా డాక్టరు ఫీజూ, ఎక్స్‌రే ఖర్చూ వచ్చాయిగానీ కోతకి రాలేదు. మిగిలింది ఒక్కటే చోటు. బీరువా పైన టీ డబ్బా.

అందులో ఉన్నది మార్లెన్ పోయి ఏడాది అయినప్పుడు పెట్టే భోజనానికి దాచిన డబ్బు. మంచు కరిగాక చుట్టాలనీ షెడ్డువాళ్ళనీ పిలిచి గొర్రెని కోసి పెట్టాలి. నలభైవేలంటే ఆ గొర్రెలో సగం.

గురువారం సాయంత్రం ఆమె కుర్చీ ఎక్కి డబ్బా దించుతుంటే వెనక అల్లిక సూదుల చప్పుడు ఆగిపోయింది.

"ఏం తీస్తున్నావ్?"

"మార్చిలోగా మళ్ళీ పెట్టేస్తా, అత్తయ్యా."

"ఎలుకకా?"

రౌషాన్ డబ్బా మూత తీసింది.

"నా కొడుకు పేరు మీద దాచింది ఎలుకకా?" బల్కియా లేచి వచ్చి ఆమె చేతిలోని మూత లాక్కుంది. పొట్టి మనిషి, కుర్చీ మీదున్న కోడలి ముఖంలోకి చూడాలంటే తల బాగా ఎత్తాలి. "రేపు ఏడాదికి వచ్చినవాళ్ళకి ఏం వడ్డిస్తావ్? డైరెక్టర్ గారి తొడా? ఊరంతా ఏమంటుంది? మార్లెన్ పెళ్ళాం మొగుడి గొర్రెని చిట్టెలుకకి తినిపించిందనరూ?"

"అంటారు."

"అంటారని తెలుసుగా!"

తలుపు దగ్గర జెరె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. చేతిలో డైరెక్టర్ నీళ్ళ గిన్నె ఉంది.

రౌషాన్ కుర్చీ దిగింది. గొంతు పెంచలేదు. "ఆయన మెడ గట్టిగా ఉందన్నప్పుడు జీతం రానీ చూద్దామన్నాం, అత్తయ్యా. నేనూ అన్నాను, మీరూ అన్నారు. ఆయనా సరేనన్నాడు. అది పక్కన కూర్చుని విన్నది జెరె ఒక్కతే."

బల్కియా మనవరాలి వైపు తిరిగింది. డబ్బా మూత ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని తిప్పి తిప్పి, అంచుని తలగుడ్డ కొసతో తుడిచింది.

"నేనూ వస్తాను రేపు," అంది చివరికి. "నా కొడుకు డబ్బు ఎవరి కడుపులోకి పోతోందో నేను చూడొద్దూ?"

*

శుక్రవారం పొద్దున్నే వంటింట్లో నూనె కాగింది. చనిపోయినవాళ్ళ కోసం ఏడు రొట్టెలు వేయించే రోజు. నూనె వాసన పైకి వెళ్ళి వాళ్ళకి చేరుతుందని బల్కియా నమ్మకం. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. పుల్లబెట్టిన పిండిని వేళ్ళ కొసలతో పల్చగా సాగదీసి, మధ్యలో చాకుతో చిన్న గాటు పెట్టి నూనెలోకి జార్చింది. రొట్టె పొంగి, ఒళ్ళంతా బుడగలు లేచి, ఎర్రబడింది. పెదవులు లోపల్లోపల ప్రార్థన చదువుతున్నాయి.

నాలుగు ఇరుగుపొరుగుకి వెళ్ళాయి. మూడు ఇంట్లోవాళ్ళకి, వాళ్ళు తింటే పోయినవాళ్ళకి చేరుతుందని. ఎవరి వాటా వాళ్ళు తినాలి, లేదా ఇంకొకరికి పెట్టాలి. ముక్క కూడా చెత్తలోకి పోకూడదు. రౌషాన్ తన వాటాని వేరా కోసం కాగితంలో చుట్టింది. బల్కియా తన వాటా పళ్ళెం మీద గుడ్డ కప్పి పక్కన పెట్టింది. జెరె ఎప్పటిలాగే రొట్టెని నాలుగు మడతలు పెట్టి తన గదిలోకి పట్టుకెళ్ళింది. తండ్రి ఫొటో ముందు కూర్చుని తింటుందని రౌషాన్ అనుకునేది. ఒక్కసారైనా తలుపు తోసి చూడలేదు.

డైరెక్టర్‌ని అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ ఉన్ని కుక్కి, పెట్టెని బల్కియా తన ఒంటె ఉన్ని శాలువా లోపలికి, ఛాతీకి ఆనించి పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. "చలికి బిగుసుకుపోతే మీ నలభైవేలూ బస్సులోనే దండగ," అని మాత్రం సణిగింది.

బస్సు కిటికీలకి లోపల కూడా మంచు పట్టింది. సగం దూరం వెళ్ళాక బల్కియా మనవరాలికి కనపడకుండా కోడలికి సైగ చేసింది. రౌషాన్ శాలువా లోపలికి చెయ్యి పోనిచ్చి పెట్టె మూత సందులోంచి వేలు దూర్చింది. ఉన్ని తగిలింది. ఉన్ని కింద మెత్తటి ఒళ్ళు. కదలిక లేదు. వేలు ఇంకా నొక్కింది. ఏమీ లేదు. బస్సు కుదుపా, దాని గుండా తెలియడం లేదు. ఎదురు సీట్లో జెరె తల్లి చెయ్యి ఎక్కడుందో చూస్తోంది. రౌషాన్ ముఖం మీద ఏమీ కనపడనివ్వలేదు. ఆ పని ఆమెకి బాగా అలవాటైంది. బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేలి కింద ఏదో గబగబా, చాలా పల్చగా కొట్టుకుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉన్నాడు," అంది అత్తగారికి మాత్రమే వినపడేలా.

ఎలుకల డాక్టరమ్మ పేరు ఇన్నా. కుర్రమనిషి, చేతులు చాలా చిన్నవి. డైరెక్టర్‌ని మెడ దగ్గర పట్టి ఎత్తి, బుగ్గని దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. "ఏం పేరు?"

"డైరెక్టర్," అంది జెరె.

"ఏ కంపెనీకో?" అంది ఇన్నా. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ మానుకుంది. "లోపల చూడాలి. మెలకువగా ఉంటే చూడనివ్వడు. కొంచెం మత్తిస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి."

మత్తులోంచి లేవకపోతే ఆస్పత్రికి బాధ్యత లేదని కాగితం. రౌషాన్ ఇలాంటిదే ఇంతకుముందు మార్లెన్ కోసం ఒకటి సంతకం చేసింది. అదే చోట, కింద కుడివైపు. కలం చేతిలో పట్టుకుని కూర్చుంది. చివరికి బల్కియా కలం పట్టుకున్న ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. అప్పుడు పెట్టింది.

తలుపు మూసుకుంది. బయట బల్ల మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. పక్కన ఒక ముసలాయన కట్టు కట్టిన పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు. రౌషాన్ సంచిలో డబ్బు కవరుని పైనుంచే తడిమి చూసుకుంది. నలభైవేలు. అది లేస్తే నలభైవేలు, లేవకపోయినా నలభైవేలు.

తలుపు తెరుచుకుంది. ఇన్నా చేతిలో చిన్న స్టీలు పళ్ళెం ఉంది.

"కంతి కాదు," అంది. "కోత అక్కర్లేదు. నలభైవేలూ అక్కర్లేదు. చూసినందుకూ మత్తుకూ అయ్యేదే. ఇదిగో, ఇది ఇరుక్కుపోయింది, తిండి దాచుకునే బుగ్గ సంచిలో. పూత మందు రాశాను. లోపల కాస్త పుండు పడింది. ఇంకా మత్తులోనే ఉన్నాడు. లేస్తే ఇంక భయం లేదు." పళ్ళెం కిందకి దించి చూపించింది. "ఎవరు పెడుతున్నారు వాడికి నూనె పిండి? జిగురులా అతుక్కుపోయింది, పొరలు పొరలుగా. ఒక్కసారి పెట్టింది కాదిది."

పళ్ళెంలో గోధుమరంగు ముద్ద, గోరంత. రౌషాన్ వంగింది. పాడైన వాసన కింద ఇంకో వాసన ఉంది. శుక్రవారం పొద్దుటి వాసన.

బల్కియాకి కూడా తగిలింది. ఆవిడ చెయ్యి నోటిమీదకి వెళ్ళింది.

జెరె కోటు జేబుని పిడికిలితో మూసి పట్టుకుంది. జేబు గుడ్డ మీద నూనె మరక చంద్రవంకలా పైకి వచ్చింది.

డాక్టరమ్మ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది.

"నువ్వు పెట్టావా?" అంది రౌషాన్.

జెరె తలూపింది.

"ప్రతి వారమా?"

"పారెయ్యకూడదని నానమ్మ చెప్పింది. ఇంకొకరికి పెట్టచ్చంది. వాడికి పెట్టాను." జేబుని ఇంకా గట్టిగా పట్టుకుంది. "వాడికి జబ్బు చేస్తుందని నాకు తెలీదు."

"నువ్వెందుకు తినలేదే, తల్లీ?" అంది బల్కియా. అరవలేదు.

జెరె బూటు కొసతో నేలమీద గీత గీసింది. "నేను తింటే నాన్నకి చేరుతుందన్నావుగా, అక్కడికి. అక్కడికి చేరితే నాన్న అక్కడ ఉన్నట్టేగా."

బల్కియా మనవరాలిని చూడలేదు, ఎదురుగా గోడమీద కుక్కల టీకాల బొమ్మని చూసింది. "నేనూ తినలేదే," అంది గోడతో చెప్తున్నట్టు. "ఒక్క శుక్రవారమూ మింగుడు పడలేదు నాకు. నువ్వు బడికి, మీ అమ్మ బజారుకి వెళ్ళాక నా వాటా తీసుకెళ్ళి కింద ఊడ్చే ఆవిడకి ఇచ్చేదాన్ని."

రౌషాన్‌కి వేరా గుర్తొచ్చింది. సంచి తెరిచి కాగితం పొట్లం పైకి తీసింది. వేరా కోసం చుట్టిన తన వాటాని ఒళ్ళో పెట్టుకుంది.

"అది ఇటివ్వు," అంది బల్కియా జెరెతో.

జెరె జేబులోంచి నాలుగు మడతల రొట్టె తీసింది. ఉన్ని పోగులు అంటుకుని ఉన్నాయి. బల్కియా వాటిని ఒక్కొక్కటే ఏరి, మోకాలి మీద రొట్టెని విప్పి, మూడు ముక్కలు చింపింది. ముక్కలు సమంగా రాలేదు. చిన్నది మనవరాలికి ఇచ్చింది.

రౌషాన్ తన ముక్కని నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. జెరె ఆమెనే చూస్తోంది. ఇన్ని నెలల్నుంచీ ఆమె భయపడుతూ ఎదురుచూస్తున్న చూపు అదే.

"అమ్మా. నాన్న మత్తులో ఉన్నాడన్నావు. దిగగానే లేస్తాడన్నావు."

"అన్నాను."

"లేవలేదు."

"లేవలేదు తల్లీ. నాకు అప్పటికే తెలుసు. నీకు చెప్పలేకపోయాను."

"ఇంక రాడుగా?"

మూసిన తలుపు వెనక డైరెక్టర్ ఇంకా కదిలాడో లేదో. అది తెలిసేదాకా ఆగచ్చు. మంచి వార్త ఒకటి చేతిలో ఉంచుకుని చెప్పచ్చు. రౌషాన్ ఆగలేదు.

"రాడు."

జెరె ముఖంలో ఏమీ విరగలేదు. కళ్ళు మాత్రం నిండాయి. చేతిలో ముక్కని నోట్లో పెట్టుకుంది. నమల్లేదు. ఒక బుగ్గలోకి తోసి అక్కడే ఉంచుకుంది. బుగ్గ పొడుచుకొచ్చింది. అటూ ఇటూ పెద్దవాళ్ళిద్దరూ తమ ముక్కలు నోట్లో పెట్టుకున్నారు. రౌషాన్ మింగింది. బల్కియా కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

తలుపు కొంచెం తెరుచుకుంది. ఇన్నా తల బయటికి పెట్టింది.

"డైరెక్టర్ గారు లేచారండీ. కోపంగా ఉన్నారు, నన్ను కరిచారు కూడా. వస్తారా?"

రౌషాన్ లేవబోయింది. జెరె చెయ్యి ఆమె కోటు అంచుని పట్టుకుని ఆపింది. ఉండు, అన్నట్టు. పిల్ల దవడ మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ఒకసారి ఆగింది. మళ్ళీ కదిలింది. పెదవులు గట్టిగా మూసుకుని, తల కొంచెం ముందుకు వంచి మింగింది.

తర్వాత చేతులు కోటుకి తుడుచుకుని లేచి నిలబడింది.